రెండో సెషన్‌లో బ్రేక్ పెడల్ కిందికి దిగిపోయింది. ఆయిల్ మార్చి ఐదు నెలలే అయింది!

1. పోరూర్_పోలో (చెన్నై)

అందరికీ నమస్కారం. నిన్న ఆదివారం చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి వెళ్లాను. నాది పోలో 1.0 టీఎస్ఐ, మాన్యువల్ గేర్. ఇంజన్ జోలికి పోలేదు, ముందు చక్రాలకు కాస్త మంచి బ్రేక్ ప్యాడ్లు (డిస్కుని నొక్కి పట్టే పలకలు) మాత్రం వేయించాను. మొదటి సెషన్ హాయిగా గడిచింది. రెండో సెషన్ మూడో ల్యాప్‌లో, మెయిన్ స్ట్రెయిట్ (పొడవాటి తిన్నని దారి) చివర 150 స్పీడులో బ్రేక్ మీద కాలు వేస్తే పెడల్ రోజూ ఆగే చోట ఆగలేదు. పరుపు మీద కాలు పెట్టినట్టు కిందికి దిగిపోయింది. గబగబా మూడుసార్లు కొట్టాక పట్టుకుంది. అప్పటికే ఆలస్యం అయింది, కారు ట్రాక్ దాటి గడ్డిలోకి వెళ్లి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కారు మీద గీత కూడా పడలేదు. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

అరగంట చల్లారాక పెడల్ దాదాపు మామూలుగా అయింది. అలాగే నెమ్మదిగా ఇంటికి నడుపుకుంటూ వచ్చేశాను.

నాకు అర్థం కానిది ఒకటే. ఐదు నెలల కిందట బ్రేక్ ఆయిల్ మార్పించాను, బిల్లు ఉంది. రిజర్వాయర్ (బోనెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా) మూత తీసి చూస్తే ఆయిల్ లేత తేనె రంగులో శుభ్రంగా ఉంది. లెవల్ సరిగ్గా ఉంది. ఎక్కడా లీకు లేదు. మరి తప్పు ప్యాడ్లదా, ఆయిల్‌దా, పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసే మాస్టర్ సిలిండర్‌దా? మూడు వారాల్లో ఇంకో ట్రాక్ డే (సొంత కారుని రేసు ట్రాక్ మీద నడిపే రోజు) ఉంది, డబ్బు కట్టేశాను.

2. జేసీరోడ్_బాబాయ్ (బెంగళూరు)

బాబూ, ముందు నువ్వు క్షేమంగా ఉన్నావు, అది చాలు.

ఒక్క విషయం గుర్తు తెచ్చుకుని చెప్పు. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగలేదా, లేక పెడలే మెత్తగా లోపలికి పోయిందా? రెండూ వేరు వేరు జబ్బులు. ప్యాడ్ వేడికి చచ్చిపోతే పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగదు, ఘాటైన వాసన వస్తుంది. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడి దిగిపోతుంది, పంపు కొట్టినట్టు కొడితే మళ్లీ కొంత పైకి వస్తుంది.

3. పోరూర్_పోలో

మెత్తగానే బాబాయ్. పంపు కొడితే పైకి వచ్చింది. వాసన పెద్దగా లేదు.

4. జేసీరోడ్_బాబాయ్

అయితే ఆయిల్ మరిగింది. సందేహం లేదు.

ఇంకోటి, కోప్పడుతున్నానని అనుకోకు. ఆ కారును ఇంటిదాకా నడపడం తప్పు. ఒకసారి మరిగిన ఆయిల్‌ని నమ్మకూడదు. చల్లారాక ఆవిరి మళ్లీ నీరై పెడల్ బాగున్నట్టు అనిపిస్తుంది, కానీ ఆయిల్ అదే ఆయిల్, అందులో ఉన్న నీళ్లు అవే నీళ్లు. అది మారేదాకా కారు తీయకు. ఆఫీసుకి కూడా.

5. పాడి_టెస్ట్‌బెంచ్ (చెన్నై)

నేను పదేళ్లు బ్రేక్ విడిభాగాల టెస్టింగ్‌లో పనిచేశాను. బాబాయ్ గారు చెప్పినదానికి కొంచెం వివరం కలుపుతాను. ఎందుకు మరుగుతుందో తెలిస్తే తర్వాత చేసే పని అర్థవంతంగా ఉంటుంది.

ముందు వేడి లెక్క. మీ పోలో, మీరు కలిపి 1150 కిలోలు అనుకుందాం. 150 నుంచి 70 స్పీడుకి దిగితే పోయే శక్తి దాదాపు 780 కిలోజౌళ్లు. అంటే 30 డిగ్రీల నీళ్లు రెండున్నర లీటర్లకు పైగా మరిగించేంత వేడి. ఇంజన్ బ్రేకింగ్, ఎదురు గాలి కొంత మోస్తాయి కానీ ఎక్కువ భాగం డిస్కుల్లోకే పోతుంది, అందులోనూ పెద్ద వాటా ముందు డిస్కులదే. ఇదంతా నాలుగైదు సెకన్లలో. ఆ డిస్కు చల్లారేలోపే ఇంకో మలుపు, మళ్లీ బ్రేకు. 3.717 కిలోమీటర్ల ల్యాప్ పొడవునా ఇదే వరస.

డిస్కు వేడి ప్యాడ్ వెనక ఇనుప పలక గుండా, దాన్ని నొక్కే పిస్టన్ గుండా ఆయిల్‌కి చేరుతుంది. ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఇంజన్ ఆయిల్ తిరుగుతూ ఉంటుంది, బ్రేక్ ఆయిల్ తిరగదు. ప్యాడ్లను డిస్కుకి నొక్కే క్యాలిపర్‌లో ఉన్న ఆ కొద్దిపాటి ఆయిల్ అక్కడే ఉండి ల్యాప్ మీద ల్యాప్ ఉడుకుతుంది. పైన రిజర్వాయర్‌లో ఉన్న ఆయిల్ చల్లగా, శుభ్రంగా కూర్చుని ఉంటుంది. అందుకే మూత తీసి రంగు చూసి ఏమీ తెలుసుకోలేం.

ఇక తేమ. బ్రేక్ ఆయిల్ రకాల్లో మనం వాడే డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అన్నీ గ్లైకాల్ జాతి ఆయిళ్లు. రబ్బరు హోసుల గోడల్లోంచి, మూత దగ్గరి గాలి రంధ్రం లోంచి గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటాయి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరితే ఆ కనీసం 155కి పడిపోతుంది. డాట్ 3కి 205, 140. డాట్ 5.1కి 260, 180. మన చెన్నై గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఉప్పు డబ్బా మూత తీసి రెండు రోజులు ఉంచితే ఏమవుతుందో ఆయిల్‌కీ అదే అవుతుంది.

ఆవిరి వస్తే పెడల్ ఎందుకు దిగుతుందో ఈపాటికి తెలిసే ఉంటుంది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ కాలి బలమంతా బుడగలను నలపడానికే సరిపోయింది.

6. నెల్లూరు_స్విఫ్ట్ (చెన్నై, వేళచ్చేరి)

అక్కా, చాలా బాగా చెప్పారు. నాదొక సందేహం. డాట్ 4 కంటే డాట్ 5 పెద్దది కదా, అది పోస్తే గొడవ వదిలిపోతుందేమో? మా వీధిలో షాపులో అడిగితే తెప్పిస్తానన్నాడు. అది తేమ పీల్చదట కూడా.

7. పాడి_టెస్ట్‌బెంచ్

వద్దు తమ్ముడూ, దయచేసి వద్దు. డాట్ 5, డాట్ 5.1 పేర్లు దగ్గరగా ఉన్నా వస్తువులు వేరు. డాట్ 5 సిలికోన్. గ్లైకాల్ ఆయిల్‌తో కలవదు. తేమ పీల్చదన్నది నిజమే, కానీ లోపలికి చేరిన నీరు ఆయిల్‌లో కలవకుండా విడిగా అడుగున చేరుతుంది. ఆ నీటి బొట్టు క్యాలిపర్‌లో కూర్చుంటే 100 డిగ్రీలకే మరుగుతుంది. పైగా దానిలో సన్నటి గాలి బుడగలు చిక్కుకుంటాయి, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారుకి అసలు పనికిరాదు. ఎన్నో ఏళ్లు కదలకుండా షెడ్లో నిలబెట్టే పాత కార్లకు కొందరు వాడతారు. మనకు కాదు.

8. నెల్లూరు_స్విఫ్ట్

అడిగి మంచి పని చేశాను. రేపు పోసేవాణ్ణి.

9. హోసూరు_హైవే (బెంగళూరు)

నాకు ఒకటి అర్థం కావట్లేదు. ఐదు నెలల్లో ఆయిల్ ఇంత పాడవుతుందా? నా కారుకి మూడేళ్లుగా మార్చలేదు, కొండ దారుల్లో కూడా ఎప్పుడూ ఇలా కాలేదు. ఇంకేదో తప్పు ఉందేమో చూడండి.

10. జేసీరోడ్_బాబాయ్

ఆ అనుమానం నాకూ ఉంది. పోలో బాబూ, ఒక చిన్న పరీక్ష చెయ్యి. ముందు చక్రం ఒకటి విప్పు. బండిని జాక్ మీద వదలకు, స్టాండ్ మీద పెట్టు. క్యాలిపర్ పైభాగాన చిన్న రబ్బరు టోపీ ఉంటుంది, దాని కింద బ్లీడ్ నిపుల్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న మర). సరిగ్గా సరిపోయే రింగు స్పానర్ ముందు నిపుల్‌కి తగిలించి, ఆపైన సన్నటి ప్లాస్టిక్ ట్యూబు గట్టిగా ఎక్కించి, రెండో కొసను కొత్త బ్రేక్ ఆయిల్ కొంచెం పోసిన గాజు సీసాలో ముంచు. ఎవరినైనా పెడల్ తొక్కి పట్టుకోమని, పావు తిప్పు మాత్రం వదులు చెయ్యి. ఇరవై మి.లీ. వస్తే చాలు, బిగించెయ్యి. ఆ రంగు చెప్పు.

హోసూరు గారూ, కొండ దిగేటప్పుడు గేరు బలం సగం పని చేస్తుంది, మధ్యమధ్య చల్లారే వీలు ఉంటుంది. ట్రాక్‌లో అది ఉండదు. అయినా మూడేళ్లు చాలా ఎక్కువ. చాలా కంపెనీలు రెండేళ్లకే మార్చమంటాయి. ఈ వారమే మార్పించండి.

11. పోరూర్_పోలో

చేశాను బాబాయ్. ఫోటో తీసి మళ్లీ మళ్లీ చూస్తున్నాను.

డికాక్షన్ రంగు. ముందు కుడి నుంచి వచ్చింది డికాక్షన్, ముందు ఎడమ నుంచి ఇంకా ముదురు, అందులో నల్లటి నలకలు. రిజర్వాయర్‌లో ఉన్నది తేనె రంగు. రెండు గ్లాసులు పక్కపక్కన పెడితే ఒకే కారులోవి అంటే ఎవరూ నమ్మరు.

12. జేసీరోడ్_బాబాయ్

అదీ సంగతి. వాళ్లు పైన రిజర్వాయర్‌లో పాతది లాగేసి కొత్తది పోసి బిల్లు వేశారు. పైపుల్లో, క్యాలిపర్లలో ఉన్నది కంపెనీ నుంచి వచ్చిన ఆయిలే అయ్యుంటుంది. పదిహేను నిమిషాల పని, గంటన్నర పని బిల్లు. ఇది ఒక్క చోట జరిగేది కాదు, నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. పని జరిగేటప్పుడు పక్కన నిలబడి నాలుగు చక్రాలూ విప్పారా లేదా చూడాలి.

13. పోరూర్_పోలో

బాధగా ఉంది. డబ్బు గురించి కాదు. దాన్ని నమ్మి 150 స్పీడులో బ్రేక్ మీద కాలు వేశాను. వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లను. ఈసారి నేనే చేసుకుంటాను. పద్ధతి చెప్పండి, ఏ ఆయిల్ కొనాలో చెప్పండి.

14. ట్రాక్‌డే_తిరుపతి (చెన్నై)

ఆయిల్ గురించి నేను చెబుతాను, ఆరేళ్లుగా ఈ ట్రాక్‌లోనే నడుపుతున్నాను. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 తీసుకో తమ్ముడూ. కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత 312 డిగ్రీలు. 660 రకం అయితే 325. మన స్థాయి కార్లకు 600 సరిపోతుంది. మామూలు డాట్ 4తో పోలిస్తే ధర చాలా ఎక్కువ, కానీ గడ్డిలోకి పోవడం కంటే చవక. అర లీటరు సీసాలు రెండు కొను. పెద్ద డబ్బా చవకని కొనకు. సీల్ తీసిన సీసాలో మిగిలింది వచ్చే నెలకి దాచడం కుదరదు, సీసాలో కూడా తేమ పీలుస్తుంది. జీపీ రోడ్డు విడిభాగాల షాపుల్లో కొనేటట్టయితే సీల్, తయారీ తేదీ రెండూ చూసి తీసుకో.

15. పాడి_టెస్ట్‌బెంచ్

నేను కొంచెం విభేదిస్తాను. రేసింగ్ ఆయిళ్ల మీద పెద్ద అక్షరాలతో వేసే 312, 325 సంఖ్యలు సీల్ తీసిన రోజువి. తేమ చేరాక ఆ రెండూ 205 చుట్టుపక్కలకి వస్తాయి. రోజూ ఆఫీసుకి పోతూ ఏడాదికి రెండుసార్లు ట్రాక్‌కి వెళ్లే మనిషి పోసి మరిచిపోతే, పెట్టిన డబ్బుకి ఫలితం ఉండదు. తేమ చేరాక కూడా నిలబడేది కావాలంటే కాస్ట్రాల్ ఎస్ఆర్ఎఫ్ ఉంది, తేమ చేరాక మరిగే సంఖ్యే 270. కానీ దాని ధర ఇంకా చాలా ఎక్కువ, దొరకడం కూడా కష్టం.

నా సలహా: ఏడాదికి ఒకటి రెండు సార్లే వెళ్లేవాళ్లు మంచి కంపెనీ డాట్ 5.1 తీసుకుని, ట్రాక్‌కి వెళ్లే వారం ముందు తప్పకుండా మార్చుకోండి. తాజా 5.1, ఏడాది పాత రేసింగ్ ఆయిల్ కంటే మేలు.

16. ట్రాక్‌డే_తిరుపతి

అక్కా, మీ మాట మీద గౌరవం ఉంది కానీ నేను ఒప్పుకోను. ఇతను ఒకసారి మరిగించుకుని వచ్చాడు. మూడు వారాల్లో మళ్లీ వెళుతున్నాడు. తాజా 5.1కి కనీసం 260, తాజా 600కి 312. ఆ యాభై డిగ్రీల తేడాయే మన మధ్యాహ్నం సెషన్లలో కాపాడుతుంది. ఏప్రిల్‌లో ట్రాక్ తారు మీద చెప్పు లేకుండా నిలబడలేం, ఆ ఎండలో సెషన్‌కి సెషన్‌కి మధ్య బ్రేకులు చల్లారవు. మార్చడం మరిచిపోకుండా ఉండే పూచీ నాది, నేనే ఫోన్ చేసి గుర్తు చేస్తాను.

17. పాడి_టెస్ట్‌బెంచ్

మార్చే క్రమశిక్షణ ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఒకటి మాత్రం చూసుకోండి. ఏబీఎస్, ఈఎస్‌పీ (కారు జారిపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కార్లకు కంపెనీలు పలచటి ఆయిల్ కోరతాయి, సన్నటి వాల్వుల్లో వేగంగా కదలాలి కాబట్టి. ఆ పలచదనం కొలిచేది మైనస్ 40 డిగ్రీల దగ్గర. డిసెంబరులో కూడా 20 చుట్టూ ఉండే చెన్నైలో ఆ తేడా మీ కాలికి తెలియదు. ఇదే కారు లడఖ్ తీసుకెళ్లేటట్టయితే మళ్లీ అడగండి.

18. పాత_పానా (బెంగళూరు)

నేను ఎక్కువ రాయను, ఒక్క హెచ్చరిక. నాలుగేళ్ల కిందట ఒక చిన్న షెడ్డులో కుర్రాడు నా కారు బ్రేక్ రిజర్వాయర్‌లో పవర్ స్టీరింగ్ ఆయిల్ పోశాడు. రెండూ ఒకే రంగు సీసాలు, తెలియక చేశాడు. రెండు రోజుల్లో రిజర్వాయర్ మూతకున్న రబ్బరు ఉబ్బి మళ్లీ మూత పట్టలేదు. తర్వాత బ్రేకులు వదలడం మానేశాయి, చక్రాలు పట్టేశాయి. మాస్టర్ సిలిండర్, క్యాలిపర్ సీళ్లు, హోసులు, వెనక వీల్ సిలిండర్లు అన్నీ మార్చాల్సి వచ్చింది. పెట్రోలియం ఆయిల్ చుక్క పడినా బ్రేక్ రబ్బరు ఉబ్బుతుంది. కాబట్టి ఆయిల్ లాగడానికి వాడే సిరంజి కొత్తది కొనండి. ఇంజన్ ఆయిల్‌కి వాడిన గరాటు, గుడ్డ దగ్గరికి రానివ్వకండి. పెట్రోలుతో, డీజిలుతో కడగకండి.

19. జేసీరోడ్_బాబాయ్

పానా గారి మాట గోడ మీద రాసి పెట్టుకోవాలి.

ఇక పద్ధతి. నేను ఎలా చేస్తానో అలాగే చెబుతాను.

బండి సమతలం మీద, నాలుగు స్టాండ్ల మీద. బోనెట్ ఎత్తాక రిజర్వాయర్ చుట్టూ తడిగుడ్డలు పరుచుకో. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు పొక్కుతుంది. పడితే తుడవకు, వెంటనే నీళ్లు కుమ్మరించు, నీటిలో కలిసిపోతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకో. సిరంజితో రిజర్వాయర్‌లోని పాతది వీలైనంత లాగి, కొత్తది గరిష్ఠ గీత దాకా పొయ్యి. ఇలా చేయకపోతే పాతదాన్నంతా పైపుల గుండా తోయాల్సి వస్తుంది.

ఏ చక్రంతో మొదలుపెట్టాలి అన్నది ప్రతివాళ్లూ అడుగుతారు. పాతకాలం లెక్క మాస్టర్ సిలిండర్‌కి బాగా దూరంగా ఉన్న చక్రం ముందు. మన దేశపు కార్లలో అది వెనక ఎడమ, తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి. కొన్ని కంపెనీలు వేరే వరస చెబుతాయి, నీ కారు వర్క్‌షాప్ మాన్యువల్ చూసి దాని ప్రకారం పో. నీ కారుకి వెనక డ్రమ్ములు కదా, నిపుల్ డ్రమ్ము వెనక పలక మీద ఉంటుంది, డ్రమ్ము విప్పక్కర్లేదు.

ఇద్దరు మనుషులుంటే ఇలా. నువ్వు నిపుల్ దగ్గర, ఇంకొకరు పెడల్ దగ్గర. "నొక్కు" అంటే నెమ్మదిగా నొక్కి, "పట్టాను" అని వాళ్లు చెప్పాలి. అప్పుడు నువ్వు నిపుల్ వదులు చేస్తావు, పెడల్ కిందికి దిగుతుంది, వాళ్లు కాలు తీయకూడదు. నువ్వు బిగించి "వదులు" అన్నాకే తీయాలి. బిగించకముందే కాలు తీస్తే గాలి లోపలికి పోతుంది, మొదటికొస్తుంది. నోటితో చెప్పని పని చేతితో చేయకండి ఇద్దరూ. భార్యాభర్తలైతే ఇంకా జాగ్రత్త, మౌనంగా అర్థం చేసుకునే పని కాదిది.

పెడల్‌ని నేలదాకా తొక్కనివ్వకు. కింద చెక్క ముక్క ఒకటి పెట్టు. రోజూ వాడేటప్పుడు మాస్టర్ సిలిండర్ లోపల పిస్టన్ సగం దూరమే కదులుతుంది, మిగతా భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. ఒక్కసారిగా చివరిదాకా తోస్తే సీలు అంచు కోసుకుపోతుంది. పాత కార్లలో ఆయిల్ మార్చిన వారానికే మాస్టర్ సిలిండర్ పోవడానికి ఇదొక కారణం.

ప్రతి ఐదారు నొక్కులకి రిజర్వాయర్ చూడు. ఈ పనిలో జరిగే తప్పుల్లో పెద్దది రిజర్వాయర్ ఖాళీ అయిపోవడమే. అది ఖాళీ అయితే గాలి మాస్టర్ సిలిండర్‌లోకి, అక్కణ్ణుంచి ఏబీఎస్ డబ్బాలోకి పోతుంది. ఇక ఇంట్లో సరిచేయడం కష్టం.

ట్యూబులో రంగు మారి కొత్త ఆయిల్ వచ్చేదాకా, బుడగ ఒక్కటీ లేకుండా వచ్చేదాకా ప్రతి చక్రానికీ చెయ్యి. క్యాలిపర్‌ని రబ్బరు సుత్తితో చిన్నగా తట్టు, గోడలకు అంటుకున్న బుడగలు పైకి వస్తాయి. నిపుల్ మరీ బలంగా బిగించకు. అది మధ్యలో బోలుగా ఉండే చిన్న బోల్టు, విరిగితే క్యాలిపర్ విప్పాలి. చక్రం బోల్టులు మాత్రం టార్క్ రెంచితో, నీ పోలోకి 120 న్యూటన్ మీటర్లు.

ఒక లీటరులో కొంచెం మిగులుతుంది. దానితో క్లచ్ చెయ్యి. నీ కారులో క్లచ్ కూడా ఈ రిజర్వాయర్ నుంచే ఆయిల్ తాగుతుంది, చాలామంది అది మరిచిపోతారు.

20. నెల్లూరు_స్విఫ్ట్

బాబాయ్, నాకు పెడల్ తొక్కేవాళ్లు ఎవరూ లేరు. ఒక్కణ్ణే చేయవచ్చా?

21. ట్రాక్‌డే_తిరుపతి

చేయవచ్చు. మొక్కలకు మందు కొట్టే చేతి పంపు కొత్తది కొని, దాని గొట్టాన్ని రిజర్వాయర్ మూతకి బిగించుకుంటే చాలు. అలాంటి మూత మీ కారు కొలతకి దొరుకుతుంది, లేదా పాత మూతకి రంధ్రం చేసి అమర్చుకోవచ్చు. ఒక బార్ ఒత్తిడి దాటనివ్వకు. ఆయిల్ పోయకముందు ఉత్త గాలితో పరీక్షించు, మూత దగ్గర లీకైతే బోనెట్ కింద అంతా ఆయిలే. కింద నిపుల్ దగ్గర గాలి లాగే వాక్యూమ్ పంపులు కూడా వస్తాయి. వాటితో నాకు చికాకు, నిపుల్ మరల సందుల్లోంచి గాలి పీల్చి బుడగలు వస్తూనే ఉంటాయి, ఆయిల్‌లోవా బయటివా తెలియదు.

22. హోసూరు_హైవే

ఏబీఎస్ డబ్బాలో ఉన్న పాత ఆయిల్ సంగతేంటి? అది కారు కంప్యూటర్‌కి స్కానర్ పెడితేనే వస్తుందని చదివాను.

23. పాడి_టెస్ట్‌బెంచ్

నిజమే, లోపలి కొన్ని గదుల్లో కొద్దిగా మిగులుతుంది. స్కానర్‌తో పంపు, వాల్వులు ఆడిస్తూ తీస్తే పూర్తిగా వస్తుంది. మాస్టర్ సిలిండర్ గానీ ఏబీఎస్ డబ్బా గానీ విప్పినా, గాలి అక్కడికి చేరినా స్కానర్ తప్పనిసరి. మామూలుగా ఆయిల్ మార్చడానికి అది లేకపోయినా సరిపోతుంది, ఎందుకంటే ఉడికేది క్యాలిపర్లలో ఉన్నది. అది పూర్తిగా కొత్తది కావడం ముఖ్యం.

పెన్ను లాంటి తేమ టెస్టర్ల గురించి కూడా ఇద్దరు ప్రైవేటుగా అడిగారు. అవి ఆయిల్‌లో కరెంటు ఎంత పారుతుందో చూసి తేమను ఊహిస్తాయి. ఒక్కో ఆయిల్‌లో కలిపే రసాయనాలు వేరు కాబట్టి ఆ ఊహ తప్పుతుంది. పైగా రిజర్వాయర్‌లో ముంచితే మళ్లీ పైన ఉన్న మంచి ఆయిల్‌నే చూస్తాయి. ఆయిల్‌ని నిజంగా మరిగించి చూసే యంత్రాలు వేరే ఉన్నాయి, వాటిని నమ్మవచ్చు.

24. పోరూర్_పోలో

అయిపోయింది! శనివారం పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి పూర్తి చేశాను. ఇంట్లో సంగతంతా చెప్పేశాను. మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "పెడల్ నేను తొక్కుతా, నువ్వు సరిగ్గా బిగించు" అంది. "నొక్కు, పట్టాను, వదులు" అని మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ అంతా వినబడేలా అరుచుకున్నాం. వాచ్‌మన్ తాతగారు స్టూలు తెచ్చుకుని రిజర్వాయర్ లెవల్ చూసే పని తీసుకున్నారు, "పత్తాదు, ఊత్తు" (చాలదు, పొయ్యి) అని తమిళంలో హెచ్చరిస్తూనే ఉన్నారు.

వెనక ఎడమ నిపుల్ తుప్పు పట్టి కదల్లేదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి గంట ఆగి, చిన్నగా తట్టి తిప్పితే వచ్చింది. వెనక చక్రాల నుంచి వచ్చింది కూడా డికాక్షనే. ముందు ఎడమ నుంచి మొదటి ఆరు నొక్కులకి సన్నటి బుడగలు నురగలా వచ్చాయి, అప్పుడు మా ఆవిడ కూడా దిగి వచ్చి చూసింది. ఆర్‌బీఎఫ్ 600 రెండు సీసాల్లో చివరికి నాలుగు వేళ్లంత మిగిలింది, దానితో క్లచ్ కూడా చేశాను.

పెడల్ ఇప్పుడు ఎంత పైన పట్టుకుంటోందంటే, కారు కొన్న రోజు కూడా ఇలా ఉందో లేదో. పార్కింగ్‌లోనే పదిసార్లు తొక్కి, కాలనీ రోడ్డులో ఇరవై స్పీడులో ముందు పరీక్షించి, ఆ తర్వాతే మెయిన్ రోడ్డు ఎక్కాను.

రెండు ప్రశ్నలు. తీసిన పాత ఆయిల్ ఏం చేయాలి? ఇకమీద ఎన్నాళ్లకొకసారి మార్చాలి?

25. పాత_పానా

పాత ఆయిల్ కాలువలో పోయకండి, మట్టిలో పోయకండి. పాత ఇంజన్ ఆయిల్ డబ్బాలో కలపకుండా విడిగా సీసాలో పోసి, పేరు రాసి, వాడేసిన ఆయిల్ సేకరించే లైసెన్సు ఉన్నవాళ్లకి చేరేలా ఇవ్వండి. పిల్లలకు అందకుండా దాచండి, విషం అది. నీళ్ల సంపులో వేసే క్లోరిన్ పొడి పక్కన అస్సలు పెట్టకండి, రెండూ కలిస్తే మంట లేస్తుంది.

26. ట్రాక్‌డే_తిరుపతి

నా అలవాటు ఇది. పూర్తిగా మార్చడం ఏడాదికి ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలు వెళ్లాక జనవరిలో. ప్రతి ట్రాక్ డేకి ముందు వారంలో ముందు రెండు క్యాలిపర్ల నుంచి మాత్రం చెరో యాభై మి.లీ. తీసి కొత్తది పంపిస్తాను. ఉడికిన ఆయిల్ అక్కడే ఉంటుంది కాబట్టి అరగంటలో పని అయిపోతుంది. ట్రాక్‌లో పెడల్ ఏమాత్రం పొడవైనా, అంటే మామూలు కంటే ఎక్కువ కిందికి దిగినా, ఆ రోజే మళ్లీ తీస్తాను.

27. పాడి_టెస్ట్‌బెంచ్

నేనైతే చెన్నైలో రేసింగ్ ఆయిల్‌కి ఆరు నెలలే అంటాను. ఇది మీ ఇద్దరూ తేల్చుకోండి.

ఆయిల్‌తో పాటు ఇవి కూడా గుర్తుంచుకోండి. ప్యాడ్ మందం సగానికి తగ్గితే ట్రాక్‌కి వద్దు, ప్యాడే వేడిని ఆపే గోడ, అది పలచబడితే పిస్టన్‌కి నేరుగా తగులుతుంది. సెషన్ చివరి ల్యాప్ బ్రేకులు దాదాపు వాడకుండా నెమ్మదిగా తిరిగి రండి. కారు ఆగిపోతే గాలి తగలదు, డిస్కులో ఉన్న వేడంతా క్యాలిపర్‌లోకి దిగుతుంది. పిట్‌లోకి వచ్చి ఆగాక ఆయిల్ మరగడం నేను చాలాసార్లు చూశాను. ఆగాక హ్యాండ్ బ్రేక్ లాగకండి, గేరులో ఉంచి చక్రాల కింద చెక్కలు పెట్టండి. స్టీలు అల్లిక హోసులు వేయించుకుంటే పెడల్ గట్టిగా అనిపిస్తుంది, కానీ మరిగే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరగదు.

28. పోరూర్_పోలో

నిన్న ట్రాక్ డే అయింది. నాలుగు సెషన్లు, ఒక్కోదానిలో ఐదు ల్యాపులు నడిపి చివరిది చల్లార్చే ల్యాప్. మెయిన్ స్ట్రెయిట్ చివర మొదటిసారి బ్రేక్ తొక్కేటప్పుడు గుండె దడదడలాడింది, పదిహేను మీటర్ల ముందే తొక్కాను. పెడల్ కదలకుండా నిలబడింది. మూడో సెషన్‌కి పాత చోటికి వచ్చాను. నాలుగో సెషన్ చివర కాలికి కొంచెం, ఒక వేలు మందం అంత, పొడవు తెలిసింది. అక్కడితో ఆపేశాను.

ఇంటికి బయలుదేరే ముందు పిట్‌లోనే తిరుపతి అన్న సాయంతో ముందు రెండు క్యాలిపర్ల నుంచి చెరో అరవై మి.లీ. తీశాం. ముందు ఎడమలో రెండు చిన్న బుడగలు కనిపించాయి. ప్యాడ్లు కొలిస్తే సగానికి ఇంకో మిల్లీమీటరు ఉంది, కాబట్టి తర్వాతిసారికి కొత్తవి కావాలి.

29. జేసీరోడ్_బాబాయ్

ఆ ఒక వేలు తేడాని పట్టుకుని ఆగావు చూడు, అది నాకు నచ్చింది. ముందు ఎడమలోనే రెండుసార్లూ బుడగలు అంటే ఆ క్యాలిపర్ పిస్టన్ సాఫీగా వెనక్కి వస్తోందో లేదో చూడు. స్లైడ్ పిన్నులు (క్యాలిపర్ జారే కడ్డీలు) ఎండిపోయి ప్యాడ్ రాసుకుంటూ ఉంటే ఆ చక్రం ఒక్కటే ఎక్కువ వేడెక్కుతుంది. చక్రం పైకి లేపి చేత్తో తిప్పి చూడు.

30. పోరూర్_పోలో

చూశాను బాబాయ్. కుడి చక్రం చేత్తో తోస్తే ఒకటిన్నర చుట్టు తిరుగుతోంది. ఎడమది పావు చుట్టుకే ఆగిపోతోంది. కింది స్లైడ్ పిన్ను బయటికి లాగడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది, రబ్బరు తొడుగు చిరిగి లోపల తుప్పు ఉంది. కొత్త పిన్నులు, తొడుగులు, సిలికోన్ గ్రీజు రేపు తెస్తాను. ప్యాడ్లు మార్చే రోజే అవీ వేస్తాను. మా ఆవిడకి ముందే చెప్పాను, శనివారం ఎనిమిదింటికి పెడల్ దగ్గర డ్యూటీ అని.